సారు చెయ్యి అబద్ధమాడలేదు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు అచ్చంపేటలో నేను పనిచేసే బడి మైదానంలో, సున్నంతో గీతలు గీస్తుండగా వచ్చింది. హెడ్మాస్టరు గదిలో ఫోను వచ్చిందని అటెండరు కేకేశాడు. చేతులు కడుక్కునే తీరిక లేక రిసీవరును రెండు వేళ్ళతో పట్టుకున్నాను. అవతల భువనగిరి నుంచి మా పాత హాకీ జట్టు గోల్ కీపరు.

"రైట్ హాఫ్, సారు లేడే," అంది.

"ఏ సారు?" అన్నాను, తెలిసి కూడా.

"మన సారే. శుక్రారం పొద్దుగాల చాయ్ తాగుమని లేపితే లేవలేదంట. మట్టి గూడ అయిపోయింది. నీ ఫోను నంబరు ఎవ్వల దగ్గర లేకపాయె."

ఫోను పెట్టేసి మళ్ళీ మైదానంలోకి వెళ్ళి మిగిలిన గీత పూర్తి చేశాను. అది వంకరగా వచ్చింది. పిల్లలు నవ్వారు, నేను కసిరాను. నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఆయనకు ఆ మాట చెప్పాల్సిన పని తప్పింది అనిపించింది. అలా అనిపించిన క్షణం నుంచి ఇవాళ్టి దాకా నా మీద నాకే రోతగా ఉంది.

పాత విద్యార్థినులు సారు మీద ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. నువ్వు ఆయన చేతి కింద తయారైనదానివి, నాలుగు మంచి మాటలు రాసిమ్మని నన్ను అడిగారు. మంచి మాటలకు కొదవేం లేదు. కానీ ఒక్క మాట దాచిపెట్టి మిగతావన్నీ రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. సారు తన చివరి తొమ్మిదేళ్ళూ తన చేతిని తాను నమ్మలేదు. అందులో ఆయన చేతి తప్పేమీ లేదు, తప్పు నాది.

మమ్మల్ని ఆయన ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. మైదానంలో ఎవరి చోటు ఏదో అదే పేరు. "లెఫ్ట్ ఇన్, బువ్వ తిన్నవా?" "గోలీ, మీ అవ్వకు జరం తగ్గిందా?" బజార్లో కూరగాయల బండ్ల మధ్య కూడా అంతే. జనం తిరిగి చూసేవారు. ఒకసారి ఎండాకాలం సెలవుల్లో ప్రాక్టీసుకు రమ్మని నాకు ఒక కార్డు ముక్క రాశారు. దాని మీద చిరునామా "రైట్ హాఫ్, మగ్గాల గల్లీ, భువనగిరి". పోస్ట్‌మన్ సరాసరి మా ఇంటికే తెచ్చి ఇచ్చాడు. మా బాపు మగ్గం గుంటలో కూర్చుని ఆ కార్డును తిప్పి తిప్పి చూసి, "ఇగ నీకు పెట్టిన పేరు దండుగైనట్టే బిడ్డా," అని రోజంతా నవ్వాడు.

సారు పొద్దున్నే సైకిలు మీద వచ్చేవారు. ఎనిమిదో పదో హాకీ కట్టెలను నడిమి కడ్డీకి కట్టుకుని వచ్చేవారు. కట్టేది మా ఇంటి నుంచి నేను తెచ్చిచ్చిన తెగిన పడుగు పోగులతో. జేబులో నానబెట్టిన శనగలు ఉండేవి. ఆటలో తప్పు చేసిన పిల్లకు తిట్లు లేవు, నాలుగు శనగలు చేతిలో పోసి "నమలుకుంట ఆలోచించు" అనేవారు. తప్పులు ఎక్కువ చేసేదాన్ని కాబట్టి నాకు శనగలు బాగానే ముట్టాయి. పొద్దెక్కే దాకా ఖిల్లా గుట్ట నీడ మైదానం మీదే ఉండేది. ఆ నీడ గోల్ పోస్టు దాటి వెనక్కి పోతే ఆట బంద్. గడియారం పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆయనకు ఒక విద్య ఉంది. హాకీ కట్టె మంచిదో కాదో చెయ్యి పెట్టి చెప్పగలరు. పిడి నుంచి తల దాకా ఉండే పొడుగు భాగాన్ని ఆయన డండా అనేవారు. ముందు ఒక కన్ను మూసి డండా వెంబడి చూపు పోనిచ్చేవారు. తర్వాత ఒక్క వేలి మీద నిలబెట్టి తూకం ఎక్కడుందో చూసేవారు. చివరికి పిడిని ఎడమ చేతిలో వదులుగా, పడిపోతుందేమో అన్నంత వదులుగా పట్టుకుని, కళ్ళు రెండూ మూసి, కుడి చేత్తో బంతిని కట్టె తల మీదికి వదిలేవారు. టక్. మళ్ళీ టక్. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. ఆయన నోటి నుంచి రెండే రెండు మాటల్లో ఒకటి వచ్చేది. "జవాబిస్తాంది." లేదా, "జవాబిస్తలేదు."

జవాబివ్వని కట్టె చూడటానికి ఎంత నునుపుగా ఉన్నా పక్కన పెట్టేసేవారు. వారం తిరిగేలోగా అది లోపల ఎక్కడో చీలిందని బయటపడేది. పక్క జిల్లాల డ్రిల్లు సార్లు కూడా కొత్త కట్టెలు కొంటే కట్టగట్టి బస్సులో పంపేవారు, జర చెయ్యి పెట్టి చూడమని. పండగకు వచ్చిన చుట్టాలకు మల్లె ఆ కట్టెలన్నిటినీ గోడకు వరసగా నిలబెట్టి ఒక్కొక్కటినీ పలకరించేవారు.

"చెవితోటి వినకు బేటీ. చెవి మోసం జేస్తది. అరచేతితోటి విను," అని నాకు నేర్పారు. అందరికీ నేర్పారు గానీ నాకు తొందరగా పట్టుబడింది. అందులో నా గొప్పేం లేదు. చిన్నప్పటి నుంచి బాపు పక్కన కూర్చుని కండెలు చుట్టినదాన్ని. నూలు పోగు తెగబోయే ముందు వేలికి తెలుస్తుంది, కంటికి కాదు. సారు ఒకరోజు నా కళ్ళకు చేతిరుమాలు కట్టి, నాలుగు కట్టెలు ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చారు. ఏది ఎవరిదో, ఏ కట్టెకు ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పాను. ఒక్కటి కూడా తప్పలేదు. రుమాలు విప్పి సారు జట్టుకంతా చెప్పారు. "నేను లేనినాడు ఈమెను అడుగుండ్రి. ఈమె చెయ్యి అబద్ధమాడది." పదిహేడేళ్ళ పిల్లకు అంత మాట అనకూడదు. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఆ కొత్త కట్టె వచ్చింది. సారు దగ్గర ఎప్పుడో ఆడి, తర్వాత ఫౌజులో చేరిన ఒకాయన పరదేశపు జట్టుతో ఆడితే వాళ్ళిచ్చారట. సెలవులో వచ్చినప్పుడు తెచ్చి, నాకు పట్టుబడతలేదు సార్, మీరే చూడండ్రి, అని సారు చేతిలో పెట్టి పోయాడు. కింద తల మామూలు మల్బరీ కట్టెదే. డండా మాత్రం కట్టె కాదు. గాజు నార, నల్ల నార ఏవో జిగురులో తడిపి పొరలు పొరలుగా చుట్టి గట్టిపరిచారట. పైన నల్ల రంగు నిగనిగలాడుతోంది. మేము దానికి ఫైబర్ కట్టె అని పేరు పెట్టుకున్నాం.

మొదటి రోజు సారు దానితో బంతి కొట్టనే లేదు. ఎత్తి దించారు. వేలి మీద నిలబెట్టారు. "మన కట్టె తూకం తల దిక్కుంటది, దీనిది చేతి దిక్కున్నది," అన్నారు. రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి నడుమ అరచేత్తో అదిమారు. మల్బరీ డండా అయితే కొంచెం వంగి నిదానంగా లేస్తుంది. ఇది వంగనని మొండికేసి, వంగిందా చటుక్కున లేచింది. రెండో రోజు కొట్టి చూశారు. అదే ఊపు, అదే బంతి. పాత కట్టె బంతిని గోడ దాకా పంపితే ఇది గోడకు కొట్టి సగం దూరం వెనక్కి తెప్పించింది. పిల్లలం చప్పట్లు కొట్టాం. సారు తల అడ్డంగా ఊపారు.

"పంపుడు మంచిగున్నది. ఆపుడు చూడాలె," అన్నారు.

ఆపబోతే బంతి కట్టెకు తగిలి జానెడు దూరం ఎగిరి పడింది. "అతిథి రాంగనే తలుపు మూసినట్టు చేస్తున్నది ఇది," అని నవ్వారు. పైగా బంతి తలకు నడుమ తగిలితే చేతికి ఏమీ తెలియడం లేదు. అంచున తగిలితే మాత్రం మోచేయి దాకా జివ్వుమంటోంది. మంచి మాట చెప్పదు, చెడ్డ మాట అరిచి చెబుతుంది. మూడు రోజులు సారు అదే అన్నారు. "జవాబిస్తలేదు."

అయినా వదిలిపెట్టలేదు. పొద్దున చలిలో చూశారు, మిట్టమధ్యాహ్నం ఎండలో చూశారు, తడి బంతితో చూశారు. పిడి మీద గుడ్డ టేపు ఒక చుట్టు తీసి చూశారు, రెండు చుట్లు వేసి చూశారు. ఇంట్లో అన్నం చల్లారిపోతోందని కబురొచ్చినా కదల్లేదట. ఏడో రోజో ఎనిమిదో రోజో, కళ్ళు మూసి బంతి వదులుతున్న మనిషి ఒక్కసారి కళ్ళు తెరిచారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"ఇస్తాంది!" అన్నారు. "మనమే గట్టిగ పట్టుకుంటున్నం బేటీ. ఇది కట్టెలెక్క మాట్లాడది. గుసగుస జెప్తది. ఇటు రా, నువ్వు విను."

పట్టుకున్నాను. ఎడమ చేతి చిటికెన వేలి మొదట్లో సన్నని జిలజిల. బంతి నడుమన తగిలితే ఒక రకం, అంచున తగిలితే ఇంకో రకం. అంత సన్నని సంగతిని ఆ మోటు చేతులు ఎలా పట్టుకున్నాయో నాకు అర్థం కాలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. నా జీవితంలో నేను పడ్డ సంతోషాలన్నీ వరసగా పేర్చుకుంటే అది ముందు వరసలోనే ఉంటుంది.

ఆ సోమవారం నల్లగొండలో జిల్లా జట్టు ఎంపిక. శనివారం ప్రాక్టీసులో వాన దంచి కొట్టింది. సారు ఫైబర్ కట్టెను నా చేతిలో పెట్టారు. "రైట్ హాఫ్, నువ్వు తీస్కపో. మంచిగ ఆరబెట్టు. ఎల్లుండి సెంటర్ ఫార్వర్డ్ దీంతోటే ఆడ్తది." సెంటర్ ఫార్వర్డ్ మా అందరిలోకీ గట్టిగా కొట్టే పిల్ల, నా బెంచీలో నా పక్కన కూర్చునేది. ఆమెది జిల్లాతో ఆగే ఆట కాదని సారే అనేవారు.

తడిసిన కట్టెను మేము ఎలా ఆరబెడతామో చెప్పాలి. పొయ్యికి జానెడు దూరంలో పెట్టి కాస్త వెచ్చబెట్టి, తర్వాత నూనె రుద్దుతాం. సారు నేర్పిందే. మా ఇంట్లోనూ అంతే. మగ్గానికి వాడే వెదురు బద్ద వంకరపోతే బాపు దాన్ని మంట మీద కాచి సరిచేస్తాడు. వేడి చూపిస్తే కట్టె మాట వింటుందని పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని నేను. ఆదివారం పొద్దున పెరట్లో రంగు పొయ్యి వెలిగించారు. కాగులో రంగు నీళ్ళు మరుగుతున్నాయి. నేను ఫైబర్ కట్టెను తీసుకెళ్ళి పొయ్యి గట్టు మీద అడ్డంగా పెట్టి, నూలు చిలపల కట్టలు ముంచి తీసే పనిలో పడ్డాను. ఇది కట్టె కాదన్న సంగతి నా చేతికి తెలుసు. బుద్ధికి తోచలేదు.

ముందు వాసన వచ్చింది. కట్టె కాలే వాసన కాదు, చేదుగా, గొంతుకు అడ్డం పడే వాసన. ఉరికి తీశాను. కాలిన మచ్చ ఎక్కడా లేదు. పిడికి కాస్త కింద, రెండు వేళ్ళ వెడల్పున నిగనిగ పోయి మసకబారింది. అంతే. చల్లారే దాకా పట్టుకుని కూర్చున్నాను. తర్వాత సారు పట్టుకున్నట్టే వదులుగా పట్టుకుని, కళ్ళు మూసి, బంతి వదిలాను.

ఏమీ లేదు. గుసగుస లేదు, జిలజిల లేదు. చప్పుడు చెవికి వినబడుతోంది, అరచేతికి ఏమీ అందడం లేదు. పది సార్లు చూశాను. ఒక శవం చెయ్యి పట్టుకున్నట్టు అనిపించి కట్టె కింద పడేశాను.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బాపు.

"ఏం లే," అన్నాను.

పిడి మీద గుడ్డ టేపును విప్పి, ఆ మసక కనబడకుండా ఇంకో రెండు వేళ్ళు కిందికి చుట్టాను. ఆ పని చేసింది నేనే, ఈ చేతులే. అబద్ధమాడవని పేరు తెచ్చుకున్న చేతులు.

సోమవారం పొద్దున బస్టాండులో జట్టంతా నల్లగొండ బస్సు కోసం నిలబడి ఉంది. సారు కట్టె అందుకున్నారు. అంత హడావుడిలోనూ అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి వదులు చేసి బంతిని వదిలారు. ఇంకోసారి వదిలారు. నొసలు ముడి పడింది.

"ఏందిది? మాటనే లేదు," అన్నారు. "రైట్ హాఫ్, నువ్వు చూసినవా?"

"చూసిన సార్."

"జవాబేంది?"

"మంచిగనే ఇస్తాంది సార్. తల ఇంక ఆరలేదు. గందుకే గట్ల."

ఆయన మూడోసారి బంతి వదిలారు. నా ముఖం చూశారు. తర్వాత తన అరచేతిని తిప్పి చూసుకున్నారు. నేను అప్పుడైనా నోరు తెరిచి ఉండవచ్చు. బస్సు రాలేదు, ఇంకా పది నిమిషాలుంది.

"నువ్వన్నవంటే సరే," అని నవ్వారు. "నాకే ఉమర్ అయితున్నట్టున్నది, ముసలోన్నయితున్న." కట్టెను తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్ చేతికి ఇచ్చారు.

రెండో సగంలో మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. గీత మీద నుంచి వచ్చే బంతిని ఆపేది నేను, కొట్టేది ఆమె. ఆపాను. పక్కకు జరిగాను. ఆమె ఎత్తి కొట్టింది. పటుక్కుమని ఒక్క చప్పుడు. బంతి గోలులోకే పోయింది. కట్టె రెండు ముక్కలై, టేపు పట్టుకుని వేలాడుతోంది. ఆమె తన ఎడమ చేతిని వింతగా చూసుకుంటోంది. అరచేతిలో నల్లని పేళ్ళు నాటుకుని ఉన్నాయి, వాటి మొదళ్ళ నుంచి నెత్తురు అప్పుడే మొదలవుతోంది.

దవాఖానలో తీయగలిగినన్ని తీశారు. అవి కట్టె పేళ్ళు కావు, గాజు నార. పట్టకారుకు దొరక్కుండా లోపలే తునిగిపోయాయి. గాయం మానింది గానీ రెండు వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. వరండాలో ఆమె నాయిన కేకలు వేశాడు. "ఎవడిచ్చిండు మా పిల్లకు గా కట్టె?"

సారు ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "నేనే ఇచ్చిన. నేనే కొట్టి చూసి ఇచ్చిన. నా చేతికి తెల్వలే," అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. ఆమె బూట్లు రెండూ నా చేతిలో ఉన్నాయి. ఆయన చేతికి తెలిసింది. మూడుసార్లు తెలిసింది. నేను తెలియకుండా చేశాను. ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆ సాయంత్రం చదివిన జిల్లా జట్టు పట్టికలో నా పేరు ఉంది, ఆమె పేరు లేదు.

వాపసు బస్సులో సారు ముందు సీట్లో కూర్చుని రెండు ముక్కలనూ ఒళ్ళో పెట్టుకున్నారు. విరిగిన చోట బొటనవేలితో తడుముతూనే ఉన్నారు. రెండు వేళ్ళ మందం టేపు విప్పితే అంతా తెలిసిపోతుంది. నేను వెనక సీట్లో కూర్చుని చౌటుప్పల్ దాకా ఆ బొటనవేలినే చూస్తూ వచ్చాను. ఆయన టేపు విప్పలేదు. అది ఎవరు చుట్టారన్న ఆలోచన ఆయనకు రాలేదో, నా మీద ఉన్న నమ్మకం రానివ్వలేదో నాకు తెలియదు.

తర్వాత కూడా సారు మైదానానికి వచ్చారు. శనగలు పంచారు. ఆట అంతా మునుపటి లాగే నేర్పారు. ఒక్క పని మానేశారు. ఎవరైనా కొత్త కట్టె తెచ్చి ఇస్తే కళ్ళు మూయడం, బంతి వదలడం అన్నీ చేసేవారు. చేసి ఏమీ అనకుండా దాన్ని నాకు అందించేవారు. "నువ్వు చూడు బేటీ. నా చెయ్యిని నమ్మకు." పక్క జిల్లాల సార్లకు కూడా అదే చెప్పారు. వాళ్ళ కట్టెలు నా దగ్గరకు రాసాగాయి. నేను కొట్టి చూసి మంచివి, చెడ్డవి చెప్పేదాన్ని. సారు పక్కన నిలబడి తల ఊపేవారు. ఒక మనిషి దగ్గర ఉన్నదంతా లాక్కుని, అతని ముందే అది వాడుకోవడం ఎలా ఉంటుందో నన్నడగాలి.

ఏ కట్టె పట్టుకున్నా మొదట నాకు అందేది ఆ ఆదివారం నాటి మౌనమే. ఆ తర్వాతే అసలు కట్టె చెప్పేది వినబడుతుంది. ఇప్పుడు అది కట్టెలతో ఆగడం లేదు. బస్సులో పట్టుకునే ఇనుప కడ్డీలో ఉంటుంది. చేదబావి గిలక తాడులో ఉంటుంది. ఎవరైనా పిల్ల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంటే ఒక్క క్షణం ఆ చేతిలోనూ ఉంటుంది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా ఇంతకంటే ఎక్కువేం చేస్తాయి?

చెప్పాలని చూడలేదని కాదు. డ్రిల్లు టీచరు ట్రైనింగుకు నా దరఖాస్తు సారే నింపారు, సారే నా వెంట హైదరాబాదు దాకా వచ్చారు. ఆ రోజు బస్టాండు హోటల్లో ఒక చాయ్ తెప్పించి సగం సాసరులో పోసి నా వైపు జరిపారు. "సార్, ఆ రోజు నల్లగొండల..." అని మొదలుపెట్టాను.

"వద్దు బేటీ," అన్నారు వెంటనే. "ఆ ముచ్చట తియ్యకు. నా చెయ్యి నాకు దగా జేసిన దినమది. ఆ పిల్ల యాదికొస్తే బువ్వ దిగది."

నేను సాసరు ఎత్తి చాయ్ తాగాను. ఆయన వద్దన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఎన్నేళ్ళయినా చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా.

ఫోను వచ్చిన వారానికి భువనగిరి వెళ్ళాను. ముందు సెంటర్ ఫార్వర్డ్‌కు ఉత్తరం రాసి డబ్బాలో వేశాను. ఆమె పెళ్ళయి మేళ్లచెరువులో ఉంటోంది, భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నాలుగు పేజీలు రాశాను. ఇది రాసే నాటికి ఆమె దగ్గర నుంచి జవాబు లేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. వాళ్ళ ముస్లిం ఆచారం ప్రకారం భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "రైట్ హాఫ్ వచ్చింది," అని పక్కన కూర్చున్న చెల్లెలికి చెప్పింది. ఆ చెల్లెలు చాయ్ పెట్టడానికి లేచి వెళ్ళగానే నేను మొత్తం చెప్పేశాను. పొయ్యి గట్టు, టేపు, బస్టాండు, మూడుసార్లు వదిలిన బంతి. మధ్యలో ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకున్నాను.

ఆమె చాప అంచున లేచిన పీచును వేలితో అదుముతూ కూర్చుంది.

"అయితే ఆయన చెయ్యి మంచిదే," అంది చివరికి.

"మంచిదేనమ్మా. ఆయన చేతికి తెలిసింది. నేనే కాదన్న."

"గీ మాట ఆయనకు జెప్పాలె గని నాకెందుకు జెప్తున్నవ్ బేటీ?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, "ఇటు రా," అని నన్ను వెనక సాయబాను వసారాలోకి తీసుకుపోయింది. అక్కడ మూడు ఇటుకల మీద ఎండాకాలానికి తెచ్చిన కొత్త రంజన్ ఉంది. మట్టి రంజన్, తాగే నీళ్ళ కుండ. దాని కింద సత్తు గిన్నె పెట్టి ఉంది.

"మా పెండ్లయిన కాన్నుంచి కుమ్మరింటికి పోతె రంజన్ ఆయనే కొట్టి చూసేటోడు," అంది. "ఒక్కటి గూడ కారింది లేదు. గా కట్టె ఇరిగినంక, 'నువ్వే చూడు, నా చేతికి తెల్వది' అన్నడు. నాకేం తెలుసు బేటీ సప్పుడు? నేను తెచ్చినయన్ని కారుడే. తొమ్మిదేండ్లు. ఒక్కపారి గూడ నన్ను ఏమనలే. కింద గిన్నె పెట్టేటోడు. అది నిండంగనే ఎత్తి మల్ల రంజన్ల పోసేటోడు. నమాజుకు లేసినప్పుడు ఓపారి, మాపటికోపారి. బేస్తారం మాపు గూడ పోసిండు."

లోపల నుంచి ఆమె చెల్లెలు చాయ్ అయిందని పిలిచింది. ఇద్దరం కదల్లేదు. రంజన్ అడుగున నీటి చుక్క ఊరి, సాగి, గిన్నెలో పడింది. గిన్నె అప్పటికే అంచుల దాకా నిండి ఉంది. పైనుంచి ఒక చుక్క పడ్డప్పుడల్లా అంచు మీది నుంచి అన్నే నీళ్ళు గచ్చు మీదికి జారి, మా కాళ్ళ వైపు వస్తున్నాయి. ఆమె వంగి గిన్నె ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.